నడివేసవిలో కొలిచిన వేడినీళ్లు

మొన్న పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, ఎక్కడో చలిదేశంలో ఒక ఊరు ఊరంతటినీ భూమిలోంచి వచ్చే వేడినీళ్లతో వెచ్చగా ఉంచుతున్నారన్న వార్త కంటబడింది. మా ఆవిడ అబ్బురపడింది గాని, నాకు మాత్రం ఒళ్లు మండింది. మీరు నమ్మరేమో, ఆ పనే మేం బందరులో చేయబోయాం. ఇళ్లు వెచ్చబరచడానికి కాదులెండి, బందరు ఉక్కలో ఆ ఖర్మ ఎవరికుంది, చేపలు ఎండబెట్టడానికి.

తొంభైల్లో నేను ఒక చిన్న సలహా సంస్థలో కుర్ర ఇంజనీరుని. గ్యాసు కోసం తవ్వి వదిలేసిన ఒక బోరులోంచి, పొలాల మధ్య, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు ఉబుకుతుండేవి. వాటిని గొట్టంలో గిలకలదిండి చేపల రేవు దాకా తెచ్చి ఒక షెడ్డును వేడెక్కిస్తే, వానాకాలంలో చేపలు కుళ్లకుండా ఎండుతాయా అన్నది తేల్చే పని నాకు అప్పగించారు. అది నడిస్తే ఆ తర్వాత పట్టణంలో ఆస్పత్రికి కూడా ఇద్దామన్నది పెద్దల ఆలోచన. మే నెలంతా థర్మామీటరు పట్టుకుని, బీటలువారిన పొలాల్లో తాత్కాలికంగా పరిచిన గొట్టం వెంట తిరిగాను. చివరికొచ్చేసరికి కూడా నీళ్లు భేషుగ్గా కాలుతున్నాయి.

కృష్ణా కాలవ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, కాలవలు వదిలాక ఆ పొలాలన్నీ నీళ్లలో మునిగి ఉంటాయని, అందులో పడుకున్న గొట్టం చల్లారిపోతుందని నాకు తెలియదా? తెలుసు. వానాకాలంలో మరోసారి కొలిచి చూడాలని రిపోర్టు చివర ఒక వాక్యం రాశాను కూడా. మంజూరు ఆగిపోతుందని మా యజమాని దాన్ని తీసెయ్యమన్నాడు. కొత్త ఉద్యోగం, కొత్త కాపురం, తీసేశాను.

మా పిన్ని గిలకలదిండిలో ఎండుచేపలు అమ్మేది. రేవు ఇసుకలో చేపలు ఎండబెట్టుకోవడానికి ఆడవాళ్లకు తలా ఒక చోటు ఉండేది, ఒక ఏడు వదులుకుంటే మళ్లీ అడగకూడదన్నది వాళ్ల కట్టుబాటు. అందుకే మంజూరై షెడ్డు లేచాక అందులోకి వెళ్లడానికి అందరూ వెనకాడుతుంటే, ముందుగా తన చోటు వదిలేసింది ఆవిడే. "మావోడు కొలిచి మరీ రాశాడే, ఇంకేం భయం?" అని ఇంటింటికీ చెప్పుకుంది.

కార్తీకంలో ముసురు పట్టింది. షెడ్డుకు చేరిన నీళ్లు గోరువెచ్చగా కూడా లేవు, బల్లల మీద పరిచిన చేపంతా మెత్తబడి పురుగుపట్టింది. షెడ్డుకు తాళం పడింది. అరవై దగ్గరపడ్డ వయసులో పిన్ని ఒకప్పటి తన చోటులోనే పరాయివాళ్ల చేపలు తిరగేసే కూలికి కుదిరింది. మా యజమానికేం, మరో రిపోర్టు పని దొరికింది.

ఇప్పుడు రేవు నిండా ఐసు లారీలు. ఇసుకలో ఎండబెట్టేవాళ్లు నలుగురైదుగురు మిగిలారు, ఎవరి చోటు ఎవరిదన్న పట్టింపే లేదు, ఎక్కడ పడితే అక్కడ పరుచుకుంటున్నారు. ఆ కట్టుబాటు ఆ రోజుల్లోనే సడలి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను, నా తప్పును దాని మీదికి నెట్టడం కాకపోతే ఏమిటిది! ఎప్పుడు వెళ్లినా పిన్ని నాకు అన్నం వడ్డిస్తూ, "ఆ ఏడు వాన అట్టా పట్టిందిరా, నువ్వేం చేస్తావు" అనేది. నేను తీసేసిన వాక్యం సంగతి ఆవిడకు చెప్పలేదు. వానను తిట్టుకుంటూనే పోయింది.