జీపు ఎనక రేకు పెట్టె

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వుకోండప్పా. మధ్యలో నవ్వితే లేసిపోతా. ఉరుకుంద ఈరన్నసామి ఆన, ఇందులో ఒక్క ముక్క నేను కల్పించింది లేదు. కల్పించేదుంటే ఇంత అసియ్యమైంది ఎవడు కల్పిస్తాడు?

మాది ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేసేటోడు. నాకు ఆ మగ్గం గుంతలో కూసోని కాళ్లాడించేది నచ్చలే. పెండ్లాన్ని, మాయమ్మను ఎంటబెట్టుకోని ఆదోని పోయి వెల్డింగు షెడ్డు పెట్టుకున్నా. డెబ్బైల ఆకరు అది, ఆరేడేండ్లయింది. పత్తిమిల్లు శివప్ప అని ఒకాయన, మిలిటరీవాళ్లు వేలమేసిన పాత జీపు ఒకటి తెచ్చి నా షెడ్డు ముందర నిలబెట్టినాడు. "వేటకు తయారు సెయ్యప్పా. నీకు యెట్ల తోస్తే అట్ల" అన్నాడు.

నాకు పండగే. టాపు పీకేసినా. నిలబడి కాల్సేదానికి పట్టుకునే కడ్డీలు బిగించినా. కంపసెట్లు తగిలి లైట్లు పగలకుండా ముందర జల్లెడ వేసినా. సర్చిలైటుకు బ్యాటరీ నుంచి వైరు లాగినా. తుపాకులు గడగడలాడకుండా గోనెపట్ట సుట్టినా. ఆకర్న... ఆ పెట్టె.

సచ్చిన జంతువును వేసేదానికి ఎనక రేకు పెట్టె కావాలన్నాడు శివప్ప. "ఒక్క సుక్క నెత్తురు దావలో పడగూడదు. పల్లెల్లో కుక్కలు ఎంటబడతాయి, జనం లేస్తారు." సరేనని అడుగున బొక్క లేకుండా వెల్డింగు చేసినా. మూత సుట్టూ లారీ ట్యూబు కోసి అంటించినా. మూసి గొళ్లెం వేస్తే గాలి గూడ పోదు. నీళ్లు పోసి సూసినా, కారలే. ఎంత మురిసిపోయినానో. థూ... ఆ మురిపెం తల్సుకుంటే ఇప్పటికీ నోరు సేదెక్కుతాది.

అప్పుడు నా పెండ్లాం ఈరమ్మకు ఏడో నెల. తొలిసూలు నిలబడలే. ఇది రెండోది. "పెండ్లాం కడుపుతో ఉంటే మొగోడు పీనుగ మోయగూడదు, జీవం తీయగూడదు" అని మాయమ్మ రోజూ పోరు. "నేను కాలుస్తానా, మోస్తానా? పెట్టె చేసిస్తాండా, అంతే" అన్నా. ఆ మాట మీద నిలబడింటే సరిపోయేది. తొలిసారి జీపు పోయే రాత్రి, సర్చిలైటు వైరు ఊడితే యెట్ల అని శివప్ప నన్నూ రమ్మన్నాడు. ఇంట్లో సెప్పకుండా ఎక్కినా.

ఆలూరు దాటినాక మట్టిదావ. రెండుపక్కలా సెనిక్కాయ పీకేసిన సేన్లు. డ్రైవరు ఖాసీం లైట్లార్పి నిదానంగా తోల్తాండాడు. నేను సర్చిలైటు తిప్పుతాండా. దూరంగా రెండు కండ్లు... పచ్చగా. జింక. పరిగెత్తలే అది. నిలబడి మమ్మల్నే సూస్తాంది. శివప్ప కాల్సినాడు. ఒకటే దెబ్బ.

ఖాసీం ముందరకాళ్లు, నేను ఎనకకాళ్లు పట్టుకున్నాం. నేను వద్దనాల్సింది. అనలే. ఎత్తినప్పుడు దాని కడుపు ఊగి నా మోకాళ్లకు తగిలింది. బరువుగా... ఎచ్చగా.

"సూడిది గదన్నా, కడుపులో పిల్లుండాది" అన్నాడు ఖాసీం, మొహం పక్కకు తిప్పుకోని.

"మంచిదే గదప్పా, తూకం ఎక్కువ" అని నవ్వినాడు శివప్ప.

ఆ నవ్వు నాకు గిట్టలే. అయినా మూత మూసింది నేనే. గొళ్లెం వేసింది నేనే.

ఎనక్కి వస్తాండాం. నేను ఆ పెట్టె మీదనే కూసోనుండా. వేరే తావు లేదు.

టక్.

రాయి తగిలింటుంది అనుకున్నా.

టక్... టక్.

సక్రం కాడ కాదు. లోపల. నా కిందనే. ఎవరో మెత్తగా తట్టినట్ల. "ఆపన్నా" అన్నా. ఖాసీం ఇంజను గూడ ఆపినాడు. గాలి లేదు. కీచురాళ్లు లేవు. మళ్లా... టక్. టక్. ముగ్గురం విన్నాం.

"తెరవద్దు. ఊర్లో సూద్దాం" అన్నాడు శివప్ప. నాకు మాత్రం ఒకటే ఆలోచన... లోపల గాలి లేదే. గాలి పోకుండా చేసింది నేనే గదా. గొళ్లెం లాగినా.

మూత రాలే. రబ్బరు అంటుకోనుండాది. గట్టిగా లాగితే సప్పరించినట్ల సద్దు చేసి ఊడింది. నీసు వాసన మొహానికి కొట్టింది. యాడో పల్లెలో కోడి కూసింది, తొలికోడి. టార్చి వేసినా. జింక వేసింది వేసినట్లే ఉండాది. కడుపు సినగలే. కారేదానికి దావ లేక నెత్తురంతా అడుగున నిలబడి మీగడ కట్టింది. అందులోనే సెయ్యి పెట్టి కడుపు తడిమినా. మోసేతి దాంక జిగట. కడుపు సల్లగా ఉండాది. సెవి గూడ ఆనించి విన్నా. ఏమీ లేదు.

"ఈడ సూడప్పా" అన్నాడు ఖాసీం. మూత లోపలిపక్క నెత్తురు మరకలు. నా బొటనవేలంత. జతలు జతలుగా, సన్న గిట్టలు ఆనించినట్ల. జీపు ఎగిరినప్పుడు సిందింటాది అన్నా. సిందితే సుక్కలు పడాల గదా... ఆడనే దావ పక్కన కూసోని కక్కుకున్నా.

తెల్లారుతాండంగా ఇంటికి పోతే దీపం ఎలుగుతాంది. ఈరమ్మ మొహం ఏడ్సి ఏడ్సి వాసింది. "నడిరేత్రి కాడ్నుంచి బిడ్డ కదల్లే. ఇదీ పోయిందనుకున్నా" అంది. "ఇందాక ఉన్నట్టుండి తన్నింది."

"ఇందాకంటే ఎప్పుడు?"

"తొలికోడి కూసినప్పుడు" అంది మాయమ్మ, నా సొక్కా మీద నెత్తురు సూస్తా.

బిడ్డ బాగానే పుట్టింది. ఉరుకుందమ్మ అని పేరు పెట్టినాం. శివప్ప ఆ పెట్టె పీకించి పారేసినాడు. రేకు సల్లబడేటప్పుడు అట్ల టక్కుమంటాది అంటాడు ఖాసీం. కావచ్చు. రేకు సంగతి నాకు తెల్దా?

ఇప్పుడు బిడ్డకు ఆరేండ్లు. షెడ్డు నుంచి పోతానే ఎత్తుకోమంటాది. ఎత్తుకుంటా. ఎవురూ సూడకుండా, ఆ నీసు కొడతాదేమోనని దాని తల వాసన సూస్తా. ఆముదం వాసనే వస్తాది, అంతే. మరుసనాడు మళ్లా సూస్తా. కన్నబిడ్డను వాసన సూసే నాయన యాడన్నా ఉంటాడాప్పా... ఛీ.