శెట్టి అంగడి పుస్తకం

బ్యాంకులో నా చివరి పోస్టింగు రాయదుర్గం బ్రాంచి మేనేజరుగా. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లు ఉందనగా, ఒక ఆగస్టు మొదటి వారంలో చార్జి తీసుకున్నాను. జీన్స్ కుట్టే ఊరు కాబట్టి మా దగ్గరకొచ్చే అప్పుల్లో చాలావరకు కుట్టుమిషన్ల కోసమే.

ఆ నెలలోనే లక్ష్మీదేవి వచ్చింది. నలభై దాటిన మనిషి. ఒక యూనిట్లో ప్యాంట్లకు నడుము పట్టీలు కుట్టేది, ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేది. యజమాని యూనిట్ మూసేస్తూ, నాలుగు పవర్ మిషన్లు ఆమెకు తక్కువకే ఇస్తానన్నాడు. ఉగాది వరకే ఆగుతానన్నాడు. అవి చేతికొస్తే ఇంకో ముగ్గురు ఆడవాళ్లను కలుపుకుని సొంతంగా ఆర్డర్లు పట్టాలని ఆమె ఆశ.

అప్పు అడిగినవారి క్రెడిట్ రిపోర్టు తీయడం మా మొదటి పని. పాత అప్పులు కట్టిన తీరును బట్టి అందులో వచ్చే మార్కే స్కోరు. లక్ష్మీదేవికి ‘మైనస్ ఒకటి’ వచ్చింది. అంటే ఇంతవరకూ ఏ బ్యాంకులోనూ అప్పు తీసుకోలేదని. ఆ మాటే చెప్పాను.

“దారాల అంగడి శెట్టిని అడుగు సార్. పన్నెండేండ్లుగా ఆయప్ప దగ్గర దారం, లైనింగు అప్పు తెచ్చుకుంటాండా. ఒక్క వారమన్నా తప్పినానేమో పుస్తకం చూడు” అంది.

శెట్టి పుస్తకం మా కంప్యూటరుకు ఎక్కదమ్మా అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఊరికే పంపలేక ఒక సలహా ఇచ్చాను. కమ్మలు కుదువ పెట్టి చిన్న రుణం తీసుకో, ఏడాది కంతులు, బాగా కడితే స్కోరు వస్తుంది అన్నాను. ఆ ఖాతా కనీసం ఆరు నెలలైనా నడవాలని మాత్రం చెప్పలేదు. బ్యాంకువాడికి తెలిసిందంతా లోకానికీ తెలుసనుకోవడం మా వృత్తిరోగం.

ఇరవై రోజులకే ఆమె అప్పు మొత్తం కట్టేసి కమ్మలు విడిపించుకుంది. రెండు పొట్టేళ్లు అమ్మిందట. నేను అప్పుడు సెలవులో ఉన్నాను. తిరిగి రాగానే ఎదురుగా కూర్చుంది.

“అప్పు ఇంట్లో పెట్టుకోని నిద్ర పట్టలేదు సార్. బాగా కట్టమంటివి కదా, కట్టేసినా. స్కోరు వచ్చిండాదా?”

రాలేదు. అక్టోబరు దాకా చూసినా రాలేదు. ఖాతా అంత తొందరగా మూసేస్తే లెక్కించడానికి ఏమీ ఉండదని, ఇంకో అప్పు తీసుకుని మెల్లగా కట్టాలని వివరించాను. మళ్లీ మొదలుపెడితే ఉగాది దాటిపోతుందని ఇద్దరికీ తెలుసు.

“తొందరగా తీర్చేది తప్పా సార్?” అని అడిగింది. దరఖాస్తు మీద తిరస్కరించినట్టు సంతకం పెట్టాను. ఉగాదికి మిషన్లు బళ్లారి ఆసామికి పోయాయి.

రిటైరయ్యే రోజు బీరువా సర్దుతూ మా బ్యాంకు రుణ నిబంధనల పుస్తకం తిరగేశాను. మొదటిసారి అప్పు అడిగేవారికి స్కోరు లేకపోతే, వారితో లావాదేవీలున్న వ్యాపారుల దగ్గర మేనేజరు స్వయంగా విచారించి మంజూరు చేయవచ్చని అందులో ఉంది. మూడు బ్రాంచీల్లో మేనేజరుగా చేసినవాణ్ని, ఆ పేజీ చదివిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం బస్టాండులో లక్ష్మీదేవి కనిపించింది. క్యారియర్ సంచితో బళ్లారి బస్సు దిగుతోంది. రోజూ అక్కడికే పనికి పోతోందట. “అవే మిషన్లు సార్. సూదులు మార్చినారు, అంతే” అంది. ఆమె మాటలో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మనిషిని విచారించి అప్పివ్వడానికే మేనేజరుకు కుర్చీ, సంతకం ఇస్తారు. రిపోర్టు అందుకు ఒక సాయం మాత్రమే. ఉద్యోగం ముగిసే రోజుకు ఇది నేర్చుకున్నాను. దారాల శెట్టి అంగడి మా బ్రాంచికి ఎదురుగానే ఉండేది. రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆ రోడ్డు దాటలేదు.