నాలుగు బటన్లు

చెవి సందున స్క్రూడ్రైవర్ లేకుండా దేవపాలును చూసినవాళ్లు పులివెందులలో లేరు. పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అటెండరు. ఏ వైరును ముట్టుకున్నా ముందు ఉఫ్‌మని ఊదుతాడు. పక్షవాతంతో భార్య రాహేలుకు మాట పడిపోయినప్పుడు, ఆమె చేతికందేలా మంచానికి నాలుగు బటన్లు బిగించి, అదే గదిలో తన బల్ల మీది సర్క్యూట్ బోర్డుకూ చిన్న తెరకూ తీగ లాగాడు. నీళ్లు, గంజి, నొప్పి, కూచో. నొక్కిన మాట ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద పడి, ఇంకోటి నొక్కేదాకా నిలిచేది. మొన్న ఆదివారం నుంచి తెరలో వెలుగే తప్ప అక్షరం లేదు. రెండు రోజులు మంచానికి వీపు పెట్టి వైర్లన్నీ పీకి మళ్లీ అతికించాడు. వెనక బటన్ టిక్కుటిక్కుమంటూనే ఉంది.

"ఉండు రాహేలూ, ఆత్రపడాకు. బాగు చేస్తాండా గదా!" అన్నాడు తిరగకుండానే.

మూడోనాడు పొద్దున ఆ చప్పుడు ఆగిపోయింది.

సమాధుల తోట నుంచి వచ్చాక చూస్తే, బల్ల మీద తెర ఇంకా వెలుగుతూనే ఉంది. అక్షరాలను ముదురు చేసే నీలం స్క్రూ అప్పుడు గుర్తొచ్చింది. "ముందు ఇది తిప్పి చూడండప్పా" అని ఏటేటా పిల్లలకు చెప్పేది తనే. పావు చుట్టు తిప్పాడు. తెర మీద అక్షరాలు తేలాయి. నీళ్లు కాదు, నొప్పి కాదు. కూచో.

స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, ఖాళీ మంచం వైపు తిరిగి కూర్చున్నాడు.