కుప్పంలో ఇచ్చిన చెక్కలు

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా ముందు పెట్టి, స్పెయిన్ దేశపు ఆటట, ఫ్లమెంకో అంటారట, చూడమంది. చూస్తే ఒకావిడ చేతుల్లో చిన్న చెక్కలు టకటకలాడిస్తూ, ఎవరి మీది కోపమో నేల మీద తీర్చుకుంటున్నట్టు మడమలు దంచుతోంది. ఇది మన చెక్క భజనకు మేనత్త కూతురై ఉంటుంది అన్నాను. పిల్ల నవ్వి వెళ్ళిపోయింది గానీ, ఆ చప్పుడు రెండు రోజులు నన్ను వదల్లేదు.

బడికీ నాకూ ఆరో తరగతిలోనే ఒకరంటే ఒకరికి విసుగొచ్చి విడిపోయాం కనుక, తొంభైల్లో నేను మదనపల్లె టమాటా మండీలో పెట్టెలు దించుతూ, సాయంత్రాలు చెక్క భజన నేర్పుతూ ఉండేవాణ్ణి. లారీ మీద నుంచి ఒకడు పెట్టె అందిస్తే ఇంకొకడు అందుకొని, నడుం తిప్పి, రెండడుగులు వేసి పక్కవాడికి ఇచ్చే వరుస మా పని. కాలు తప్పిందంటే కాయలు చట్నీ. ఆ వరుసనే ఆటలోకి తెచ్చి, గజ్జెల కాళ్ళతో ఒకరి ఊపు ఇంకొకరు అందుకునేలా కట్టేసరికి ఏడాది పట్టింది. దానికి మండీ అడుగని పేరు వచ్చింది. మొదట నా పక్కన నిలబడి నేర్చుకున్నవాడు మా బావమరిది. నాకంటే తేలిగ్గా ఎగిరేవాడు. ఆ మాట ఆనాడే వాడితో అని ఉంటే బాగుండేదేమో.

కుప్పం జాతరకు పిలిస్తే మా దళం పద్దెనిమిది మందితో వెళ్ళాం. వ్యాను దిగుతూనే నా చీలమండ మడతపడి బూడిదగుమ్మడికాయలా వాచింది. మాలో ఒక మర్యాద ఉంది: గురువు చెక్కలు ఇంకొకరు ముట్టరు. ఆట మానుకునే రోజున ఆయనే దళం అందరి ముందరా వాటిని శిష్యుడి చేతిలో పెట్టి, ఇక నువ్వే గురువు అంటాడు, అంతటితో సరి. నాకు తెలియనిది కాదు. కానీ పద్దెనిమిది మందీ మొహాలు వేలాడేసుకుని ఉంటే నవ్వించబుద్ధయి, గొంతు సవరించుకుని, బావమరిది చేతిలో చెక్కలు పెట్టి, "ఇంద అప్పా, ఈ పొద్దు నుంచి గురువు నువ్వే, నేను టమాటాలు మోసుకుంటా పో" అన్నాను. అందరూ నవ్వారు. వాడు మాత్రం చెక్కలు కళ్ళకద్దుకున్నాడు.

నెల తిరక్కుండా, నాకు చెప్పకుండా దళం పుంగనూరు పోటీకి వెళ్ళింది. ఎవరో చెబితే కుంటుకుంటూ బస్సెక్కి వెళ్ళాను. మండీ అడుగు కట్టిన గురువని మైకులో వాడి పేరు చెబుతున్నారు. పక్కకు పిలిచాను.

"యాలప్పా ఇట్ల చేస్తివి? నా చెక్కలు ఇయ్యి."

"అందరి ముందరా ఇచ్చినావు కదా బావా. ఇచ్చినంక మళ్ళా అడిగేది యాడన్నా ఉండాదా?"

"అది ఎగతాళికి అంటిని."

"నువ్వు ఏది ఎగతాళికి అంటావో, ఏది నిజంగా అంటావో మాకెట్ల తెలస్తాది?"

దళం వైపు తిరిగాను. అందరూ గజ్జెలు సరిచేసుకుంటున్నారు, ఒక్కడూ తల ఎత్తలేదు. బావమరిదిని చూస్తే కోపం వచ్చింది. వాళ్ళను చూస్తే ఏడుపు వచ్చింది.

ఆ తర్వాత నేను గజ్జె కట్టలేదు. చెక్కలు కావాలంటే వడ్రంగి చేసిస్తాడు గదా అని మా ఆవిడ చాలాకాలం నన్ను సముదాయించింది, తన తమ్ముణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు. వాడు ఆరేడేళ్ళు ఊళ్ళన్నీ తిరిగి పేరు తెచ్చుకున్నాడు. రెండువేల సంవత్సరం దాటాక జాతరల్లోకి ఒకటొకటిగా పెద్ద పెద్ద సౌండు బాక్సులు వచ్చాయి. దళంలో సగం మంది కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనులకు పోయారు, మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే కాలం చేశారు. కొత్తగా నేర్చుకుంటామని ఎవరూ రాలేదు, నా దగ్గరికీ, వాడి దగ్గరికీ.

ఆ అడుగు ఎవరిదని ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. అడిగితే నాదేనని చెప్పడానికి ఇవాళ్టికీ సిద్ధమే. వేసి చూపించమంటేనే చిక్కు. ఊపు అందుకోవడానికి పక్కన ఇంకొక మనిషి కావాలి, అది తెలిసినవాడు ఈ చుట్టుపక్కల వాడొక్కడే మిగిలాడు.