దొరసాని నడవాలంటే

ఏలియా ఇరవై రెండేళ్లు వరంగల్ స్టేషన్ ముందు టాంగా తోలాడు. గుర్రం మీద కూర్చున్నది మాత్రం ఒక్కనాడూ లేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పంతొమ్మిది వందల ఎనభై మూడు నాటికి స్టేషన్ ముందంతా ఆటోలే. టాంగా మూలకు పడింది. నెక్కొండ నుంచి బేరగాడొకడు వచ్చి, తెల్ల ఆడగుర్రం దొరసాని పళ్లు చూసి, సోమవారం తోలుకుపోతానన్నాడు. ఏలియాకు దాన్ని అమ్మబుద్ధి కాలేదు. పెళ్లి ఊరేగింపులకు పంపితే అమ్మే పనే ఉండదని భార్య దీనమ్మ అన్నది. మగ్గం నేసే బుచ్చిరాములు కొడుకు పెళ్లి దగ్గర్లోనే ఉంది. కాకపోతే పెళ్లికొడుకుది ఒకటే పంతం: కళ్లెం పట్టుకొని ముందు ఎవరూ నడవకూడదు, తానే తోలుకుపోవాలి. ఆదివారం వచ్చి నడక చూస్తాననీ, నచ్చకపోతే జీపు మాట్లాడుకుంటాననీ బుచ్చిరాములు చెప్పాడు.

పెళ్లికొడుకు చేతిలో కొరడా బాగుండదు. కాలితో తాకితే గుర్రం కదలాలి. ఏలియా ఇంటి వెనక బీడులో గోడ మీది నుంచి జీను మీదికి ఎక్కి, రెండు కాళ్లతో డొక్కలు గట్టిగా నొక్కాడు. దొరసాని నిలబడింది. ఇంకా బిగించాడు. అది చెవులు వెనక్కి పెట్టి ఇంకా పాతుకుపోయింది. నాలుగు రోజుల్లో అది తనంతట తాను వేసినవి పది అడుగులు. అవీ పక్కింటి చిలుకమ్మ చిక్కుడు పందిరి దాకా, మేయడానికి.

ఆదివారం బుచ్చిరాములు వచ్చాడు. ముందుగా ఆయన చూపు పోయింది గుర్రం మీదున్న ఏలియా కాళ్ల మీదికి.

"ఏలియన్నా, కాళ్లు ఎప్పుడిడుస్తవ్?"

"ఇడిస్తె పడ్త."

"కాలికింది పలక తొక్కి ఇడువకపోతె మగ్గం గూడ నడువదే. తొక్కుడెంతనో ఇడుసుడంత."

దీనమ్మ చేటలో ఉలవలు చెరగడం ఆపింది. "నీ కాళ్లు రెండు పక్కల గట్టే టాంగా కర్రలనుకుంటాంది అది. బండి గట్టిన్రు, సవారీలు ఇంకా ఎక్కలేదని నిలవడ్డది."

ఏలియాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. జూలు పట్టుకొని కాళ్లు వదులు చేశాడు. పక్కకు జారబోయి సర్దుకున్నాడు. మడమలతో మెత్తగా తాకి, స్టేషన్ ముందు రోజూ చేసినట్టే నాలుకతో టక్కుమనిపించాడు. దొరసాని ఒక అడుగు వేసింది. వెంటనే కాళ్లు తీశాడు. మళ్లీ తాకాడు. ఈసారి మూడు అడుగులు. ఎండెక్కేసరికి నాలుక పని లేకుండానే బీడు చుట్టూ తిరిగొచ్చింది.

జీపు వద్దన్నాడు బుచ్చిరాములు. "రేపు పొద్దుగాల మా పోరన్ని పంపుత. వాని కాళ్లు మగ్గం మీద చూసిన. తొక్కుడే వస్తది వానికి."

సోమవారం నెక్కొండ బేరగాడు వచ్చేసరికి కొట్టం ఖాళీగా ఉంది. బీడులో దొరసాని మీద పెళ్లికొడుకు కర్రలా బిగుసుకొని కూర్చున్నాడు. గుర్రం కదలడం లేదు. ఏలియా పక్కనే నిలబడి, పుట్టిందగ్గర నుంచీ గుర్రమెక్కినవాడిలా చెబుతున్నాడు: "కాళ్లిడువు బిడ్డా. పడవు, ఇడువు."

బేరగాడు కాసేపు చూసి, దీనమ్మ ఇచ్చిన చాయ తాగి, మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయాడు.