ఝాన్సీలక్ష్మి కోరిన పాట

ప్రేమకుమారి మొహం తెలిసినవాళ్ళు రేపల్లె దాటితే లేరు గానీ, పేరు మాత్రం జిల్లా అంతా తెలుసు. ఎనభై మూడు, ఎనభై నాలుగుల్లో శ్రోతలు కోరిన పాటలు వేసే ముందు రేడియోలో ఊళ్ళూ పేర్లూ చదివేవాళ్ళు. అందులో "రేపల్లె నుంచి ప్రేమకుమారి" అన్న మాట లేకుండా వారం గడిచేది కాదు. తండ్రి దేవసహాయం మాస్టారు ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు, లూథరన్ చర్చిలో సంఘపెద్ద. కూతుర్ని సినిమాలకు పంపేవాడు కాదు. రేడియో దగ్గరికొచ్చేసరికి మాత్రం, పాటలే కదా అని ఊరుకునేవాడు. దాంతో ఆ పిల్ల ఒక్క సినిమా చూడకుండానే అన్ని సినిమాల భోగట్టా నేర్చేసింది. పాటకి ముందు వాయిద్యం రెండు ముక్కలు వినపడితే చాలు, ఏ సినిమా, ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, గడగడా చెప్పేసేది.

తెనాలిలో శ్రోతల సంఘం ఒకటుండేది. దాని అధ్యక్షుడు బసవేశ్వరరావు. కోరిన పాటలు కేసెట్లలోకి ఎక్కించి ఇచ్చే షాపు అతనిది. సినిమా సంగతుల్లో తన మాటే చివరిమాట అనుకునేవాడు. ఎనభై అయిదు వేసవిలో సంఘం తరఫున తెనాలిలో సినిమాపాటల పోటీ పెట్టి, మైకు పట్టుకుని ప్రశ్నలు తనే అడిగాడు.

ప్రేమకుమారి తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్ళింది. చివరి ప్రశ్న దాకా నిలబడింది. టేపులో ఒక పడవ పాట వాయిద్యం వినిపించారు. ఒకే హీరో హీరోయిన్లు నటించిన రెండు సినిమాలు ఏడాది తేడాలో వచ్చాయి, రెండింట్లోనూ పడవ పాటలున్నాయి. వినేవాళ్ళు తికమకపడటం మామూలే. ప్రేమకుమారి మొదటి సినిమా పేరు చెప్పింది.

"తప్పమ్మా! రెండో సినిమాలోది," అన్నాడు బసవేశ్వరరావు.

"కాదండి. మొదటిదాంట్లోదేనండి."

"నువ్వు చూశావా ఆ సినిమా?"

"చూళ్ళేదండి. విన్నాను."

జనం నవ్వారు. అతనూ నవ్వాడు. ఈలోగా మైకుసెట్టు దగ్గర కుర్చీలోంచి ఒకాయన లేచి, పెట్టెలోంచి ఆ గ్రామఫోను రికార్డు తీసి, మధ్య అంటించిన కాగితం మీద సినిమా పేరు పైకి చదివాడు. ప్రేమకుమారి చెప్పిందే కరెక్టు. అంతే, హాలంతా గోలగోల. వెనక బెంచీలో నిజాంపట్నం నుంచి వచ్చిన అంకారావని ఒకతను, సముద్రం మీద వేటకెళ్ళే మనిషి, పెద్దగా ఈలేసి "అధ్యక్షుడు మారాలండోయ్!" అని అరిచాడు. ఆ నవ్వుల్లో బసవేశ్వరరావు మొహం నల్లబడిపోయింది. రికార్డు మీద అచ్చుతప్పు పడిందని చాలాకాలం అందరితో వాదించాడట.

నెల తిరక్కముందే రేడియోలో కొత్త వరస మొదలైంది. "రేపల్లె నుంచి ప్రేమకుమారి, నిజాంపట్నం నుంచి అంకారావు" అంటూ ఇద్దరి పేర్లూ జంటగా వచ్చాయి. మొదటిసారి ఆమె ఏదో కలగాపులగం అయిందనుకుంది. మళ్ళీ వచ్చాయి. అన్నీ యుగళగీతాలే. వెన్నెల పాట, వాన పాట, మొదటిరాత్రి పాట. చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు ఆమెను చూసి మాటలు ఆపేసేవాళ్ళు. తాను రాయలేదంటే నమ్మేవాళ్ళేరి? పోస్టుకార్డుల పిచ్చి ఆ పిల్లకుందని ఊరందరికీ తెలుసు.

అప్పటికే బాపట్లలో గుమాస్తాగా చేస్తున్న ఏసుబాబుతో ఆమెకు సంబంధం ఖాయమైంది. ప్రధానం జరగాల్సిన వారంలో ఏసుబాబు తల్లి వచ్చింది. కాఫీ కూడా ముట్టుకోలేదు.

"మాస్టారూ, మీ అమ్మాయి పేరు పెళ్ళయిన మగాడి పేరుతో కలిపి ఊళ్ళన్నీ వింటున్నాయండి. మా ఇంట్లోనూ రేడియో ఉంది," అని వెళ్ళిపోయింది. ఏసుబాబు వీధిలో రిక్షా దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

మర్నాడు అంకారావు పెళ్ళాం కోటమ్మ ఊడిపడింది. చేపల గంప గుమ్మంలో దించి, కొంగు బిగించి అరుపులు లంకించుకుంది.

"ఏమ్మా మాస్టారమ్మాయీ! చదువుకున్నదానివి, నీకు నా మొగుడే దొరికాడా?"

ప్రేమకుమారి కదల్లేదు. ఏడ్చి ఏడ్చి ఉన్న కళ్ళతోనే, "అక్కా, ఒక్కమాట చెప్పు. మీ ఆయన పాట గురించి తప్పు రాస్తాడా?" అంది.

"తప్పా? పాట పేరు తప్పు చెబితే అన్నం ముందు నుంచి లేచిపోతాడు!"

"మరి నిన్న నా పేరూ మీ ఆయన పేరూ కలిపి పడవ పాట వేశారు చూడు. సినిమా పేరు శ్రోతలు పొరపాటుగా రాశారని రేడియోలో సరిదిద్దారు. ఆ తప్పు నేనూ రాయను, మీ ఆయనా రాయడు. రాసేవాడు ఒక్కడే ఉన్నాడు."

కోటమ్మకి వెలిగింది. మొగుడు పోటీ నుంచి వచ్చి ఆ ముచ్చట ఇంట్లో పదిసార్లు చెప్పి నవ్విన మనిషే. నెమ్మదిగా అరుగు మీద కూలబడింది. "వాడి నోట్లో మన్ను పడ," అంది.

ఇద్దరూ రైలెక్కి తెనాలి వెళ్ళి బసవేశ్వరరావు షాపులో అడిగారు. అతను స్టూలు మీంచి లేవను కూడా లేవలేదు. "రేడియోలో వస్తే రేడియోవాళ్ళనడగండమ్మా, నాకేంటి సంబంధం? ఆడపిల్లకి ఇన్ని పాటలు తెలియడం దేనికంట అసలు?" అన్నాడు. షాపులో ఉన్న కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. అతను టేపురికార్డరు మీట నొక్కాడు. పడవ పాట.

తిరుగు రైల్లో కోటమ్మ తిడుతూనే ఉంది. కిటికీ పక్కన వరిచేలు వెనక్కిపోతుంటే ప్రేమకుమారికి అవేం కనపళ్ళేదు. ఆ మనిషి మొహమే కనపడింది. ప్రార్థనలో కూడా కనపడింది. శత్రువును ప్రేమించమన్న వాక్యం చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. ఇప్పుడది నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయేది.

ఆ ఏడే ఆమెకు బాపట్లలో టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది. హాస్టల్లో చేరిన మొదటివారంలోనే కార్డు రాసింది. చేతిరాత మార్చింది. "తెనాలి నుంచి బసవేశ్వరరావు, బాపట్ల నుంచి ఝాన్సీలక్ష్మి."

అలాంటి మనిషి బాపట్లలో ఎవరూ లేరు. ప్రేమకుమారే పుట్టించింది. ముందు ఒక మర్యాదైన పాట కోరింది, పెళ్ళిచూపుల పాట. తర్వాత దొంగచాటుగా కలుసుకునే పాట. ఆపైన ఎదురుచూపుల పాట. తెలిసిన పాటల్లోంచి ఏరి ఏరి, కథ నడిపినట్టు నడిపింది. ఒక్క సినిమా పేరూ తప్పు రాయలేదు. తెనాలిలో బసవేశ్వరరావు టిఫిన్‌కి కూర్చుంటే పక్కబల్లవాళ్ళు "ఝాన్సీలక్ష్మిగారు కులాసానా అండీ?" అని పలకరించడం మొదలెట్టారు. ఆ కబురు కోటమ్మ మోసుకొచ్చినరోజు ప్రేమకుమారి కడుపునిండా అన్నం తింది.

ఆ ఇంట్లో ఒక భార్య ఉంటుందని ఆమెకు తట్టకపోలేదు. తట్టే రాసింది. నా ఇంట్లో మా నాన్న లేడా అనుకుంది.

చివరికి ఒకరోజు జోలపాట కోరింది.

తెనాలి గుప్పుమంది. బిడ్డ కూడానా అని ముక్కున వేలేసుకున్నారు. ఆ వారాంతంలోనే హాస్టలు గేటు దగ్గరికి ఒక నడివయసావిడ వచ్చింది. జరీ అంచు చీర, వాచిపోయిన కళ్ళు.

"నువ్వేనా అమ్మా ప్రేమకుమారివి? నేను బసవేశ్వరరావుగారి ఇంటిదాన్ని. వెంకటరత్నమ్మ. నందివెలుగులో మా పుట్టింటికొచ్చేశాను. ఇదంతా నువ్వు రాస్తున్నావని ఆయనంటున్నాడు. నీకెందుకు పగ అంటే మాత్రం చెప్పడు."

ప్రేమకుమారి ఆవిణ్ణి చెట్టుకింద బెంచీ మీద కూర్చోబెట్టి, పోటీ దగ్గర్నుంచి ప్రధానం ఆగిపోవడం దాకా మొత్తం చెప్పింది. దాచలేదు, తగ్గించలేదు.

"అయితే ఆ ఝాన్సీలక్ష్మి..."

"లేదండి పిన్నిగారూ."

"బిడ్డ?"

"లేదండి."

వెంకటరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తిడుతుందని, అవసరమైతే కొడుతుందని ప్రేమకుమారి సిద్ధంగానే ఉంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"నన్ను నెలరోజులు నిద్ర లేకుండా చేశావు. ఆ పాపం నీదే," అంది. మళ్ళీ తనే, "ఆయన ఆడపిల్ల బతుకు వీధిన పెట్టి ఇంటికొచ్చి నా చేత వడ్డించుకు తిన్నాడు. ఆపకు. రాయి. నాకేం తెలియనట్టే ఉంటాను. ఆయనే మీ ఊరొచ్చి నోరు విప్పేదాకా నేను కాపురానికెళ్ళను."

ప్రేమకుమారి రాసింది. రెండో బిడ్డకు కూడా సరిపోయే పాటలు ఆమెకు చాలా వచ్చు.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం బసవేశ్వరరావు రేపల్లె చర్చికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. నిజం ఒప్పుకుంటే తప్ప పెళ్ళాం తిరిగి రాదని తేలిపోయింది. వెనక గోడవార కోటమ్మ, అంకారావు, వాళ్ళ పక్కన వెంకటరత్నమ్మ నిలబడ్డారు. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు అనుమతిచ్చారు. అతను ముందుకొచ్చి, "మాస్టారి అమ్మాయి పేరు మీద కార్డులు రాసింది నేనేనండి. ఆ అమ్మాయికీ అంకారావుగారికీ ఏ సంబంధమూ లేదు," అన్నాడు. మాట మొదటి బెంచీ దాటలేదు. "వినపళ్ళేదండీ!" అని వెనక నుంచి కోటమ్మ కేకేసింది. మళ్ళీ చెప్పాడు, పెద్దగా.

దేవసహాయం మాస్టారు తల వంచుకుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. అయ్యగారు ప్రేమకుమారి వైపు తిరిగి, "క్షమించానని ఒక్కమాట అనమ్మా," అన్నారు.

సంఘమంతా ఎదురుచూసింది. ఆమె లేచి అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"విన్నానండి," అని కూర్చుంది.

వెంకటరత్నమ్మ కాపురానికి వెళ్ళింది గానీ, ఇంట్లో రేడియో మీట ఆవిడ చేతికి వచ్చింది. రేపల్లె చర్చిలో జరిగిన సంగతి తెనాలిలో ఎందరికి తెలిసిందో ఏమో, ఝాన్సీలక్ష్మి పిల్లల యోగక్షేమాలు అడిగేవాళ్ళు తగ్గలేదు. శ్రోతల సంఘానికి అంకారావు అధ్యక్షుడయ్యాడు. కేసెట్ల షాపు తీసేసి బసవేశ్వరరావు తొంభైల్లో కేబుల్ టీవీ వైర్లు లాగే వ్యాపారంలో దిగాడని చెప్పేవాళ్ళు.

ప్రేమకుమారికి ట్రైనింగు పూర్తయి రేపల్లె పక్కూళ్ళోనే టీచరు ఉద్యోగం వచ్చింది. సామాను తీసుకుని వెళ్ళేరోజు బాపట్ల స్టేషన్లో ఏసుబాబు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమె కోసమే వచ్చి నిలబడ్డాడు.

"అమ్మ మళ్ళీ మాట్లాడదామంటోందండి. నాకు మాత్రం మొదట్నుంచీ తెలుసు, మీరలాంటివారు కాదని."

ఆమె ట్రంకుపెట్టె కింద పెట్టి అతన్ని చూసింది. బసవేశ్వరరావు మీద కూడా అంత కోపం రాలేదు ఎప్పుడూ.

"తెలిసే రిక్షా దగ్గర నిలబడ్డారా?" అంది.

తెనాలి వైపు బండి వచ్చి ఆగింది. ఆమె పెట్టె తనే ఎత్తుకుని ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కి, పెరుగు కుండలతో కూర్చున్న ముసలామెను, "కాస్త సర్దుకో మామ్మా," అని అడిగి, కిటికీ పక్కన చోటు చేసుకుంది.