తొమ్మిదో వంతు

నా నోరు మంచిది కాదని షిరో మేడ టాక్సీ స్టాండులో అందరూ అంటారు. అననీ. నా పేరు ఎటాగెన్. ఇరవై రెండేళ్ళుగా ఆ స్టాండు మూల కూర్చుని కాఫీ గింజలు వేయిస్తున్నాను. అక్కడి తొమ్మిది లాడా కార్ల వాళ్ళకీ పొద్దున్నే మొదటి కప్పు నా చేతిదే. ఎవడు ఎలాంటివాడో నాకు తెలిసినంతగా వాళ్ళ పెళ్ళాలకు కూడా తెలియదు. అందుకే మేమంతా గాషే, అంటే పెద్దాయనా, అని పిలిచే దెజెనే సంగతి నేనే చెప్పాలి. ఆయన చెప్పుకోడు. మిగిలినవాళ్ళకు చెప్పే మొహం లేదు.

దెజెనేకి అరవై తొమ్మిదేళ్ళు. వయసులో ఉండగా సైన్యం లారీల షెడ్డులో ఇంజన్లు విప్పి బిగించేవాడు. ప్రభుత్వం మారిన ఏడు ఆ ఉద్యోగం ఊడింది. చేతికొచ్చిన కాస్త డబ్బుతో ఒక పాత లాడా కొన్నాడు. కింద నీలం, పైన తెలుపు, ముందూ వెనకా టాక్సీలకిచ్చే ఎర్ర నంబరు రేకు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ ఎర్ర రేకు ఉన్నంతకాలం ఆయన పొయ్యి వెలుగుతుంది. అది లేకపోతే ఆ కారు వాకిట్లో పడున్న ఇనప పెట్టె, అంతే.

మా అడిస్ అబాబా కొండల మీది ఊరు, గాలి పలచన. లాడాలు తయారైన దేశం చదును నేలట. అక్కడి లెక్కకు బిగించిన ఇంజను ఇక్కడ పెట్రోలు ఎక్కువ తాగి, నల్లటి పొగ కక్కుతుంది. ఎంటోటో కొండ ఎక్కేటప్పుడు వెనక నడిచేవాళ్ళు దగ్గలేక చస్తారు. ఒక్క దెజెనే కారే అలా కక్కేది కాదు. కార్బురేటర్ లోపల పెట్రోలు కారే ఇత్తడి బెజ్జాన్ని ఆయన సీసంతో పూడ్చి, కుట్టుసూదితో మళ్ళీ పొడిచాడు. ఒకసారి కాదు, మూడేళ్ళపాటు పొడిచాడు. పొడిచిన ప్రతిసారీ కారు వెనక గొట్టం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పొగ వాసన చూసేవాడు. “ఇంకా పచ్చి వాసనే” అని మళ్ళీ విప్పేవాడు. ఆయన దగ్గు అక్కడ పట్టుకున్నదే.

ఏడాదికోసారి పొగ పరీక్ష. వెనక గొట్టంలోకి పైపు దూర్చి, యంత్రం మీద అంకె చూస్తారు. గట్టెక్కితే ఆ ఏటి చీటీ అద్దానికి అంటిస్తారు. ఒక ఏడు స్టాండులో ఎనిమిది బండ్లు తప్పి, దెజెనేది ఒక్కటే నెగ్గింది. అప్పుడు బెరిహున్ అనేవాడు వచ్చి బుర్ర గోక్కుంటూ, “గాషే, మీ కార్బురేటర్ ఒక్క పూట నా బండికి పెట్టుకోనా?” అన్నాడు. ఆయన అక్కడికక్కడే విప్పి ఇచ్చాడు. ఇంకేముంది, ఆ ఏడు నుంచీ అదే వాడుక. మెకానిక్ షిఫెరా పొద్దున్న దాన్ని ఒకడి బండికి బిగిస్తాడు, పరీక్ష అయ్యాక విప్పి పాత పొగగొట్టుది పెడతాడు. మర్నాడు ఇంకొకడు.

ఈ తొమ్మిదిమందీ ఒకే సివా సంఘం. ప్రతి నెలా ఇరవై ఒకటిన మరియమ్మ పేరున ఒకరింట్లో కూడి, రొట్టె విరుచుకుని, ఒకే కుండలోంచి తాగి, మనం అన్నదమ్ములం అనుకుంటారు. ఆ కుండ ఈ నెల ఒకరింట్లో ఉంటే వచ్చే నెల ఇంకొకరింట్లో ఉంటుంది. కార్బురేటర్ కూడా అలాగే తిరిగేది. ఎవరిది ఏ రోజో తేల్చడానికి చీటీలు తీసేవారు. చీటీలు ఎనిమిదే. దెజెనే చీటీ వేసేవాడు కాదు, ఆయనది ఎప్పుడూ తొమ్మిదో వంతు. ఆ ఎనిమిది రోజులూ బండి కదలక నా బల్ల మీద కూర్చునేవాడు. తన వంతు బేరం ఒక్కటి ఆయనకు వదులుదామని ఒక్క వెధవకీ తోచలేదు.

పోయినేడు కొత్త నోటీసు అంటించారు. నెహసే నెల ఇరవై రెండు, శుక్రవారం సాయంత్రం లోపు పరీక్ష నెగ్గని పాత బండికి ఎర్ర రేకు పీకేస్తారు. మళ్ళీ ఇవ్వరు. చదివించుకుని నేను గాషే మీద విరుచుకుపడ్డాను.

“ఈసారైనా ముందు మీరు వెళ్ళి రండి గాషే. మీ చీటీ అంటించుకున్నాక ఊరందరికీ పంచుకోండి, ఎవరొద్దన్నారు?”

“వడ్డించేవాడు ముందు కూర్చుని తింటాడా ఎటాగెన్?” అని నవ్వాడు.

“ఇది విందు కాదు, మీ బతుకు! ఎవడైనా ఒక్కరోజు ఆలస్యం చేస్తే ఏం చేస్తారు?”

“మనవాళ్ళేగా. ఎవరు చేస్తారు?”

నాకు ఒళ్ళు మండి కప్పు ఆయన ముందు టక్కున పెట్టాను. మంచితనం అంటే నాకు గౌరవమే, కానీ ఇలాంటి మంచితనం చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఏడుగురు నెగ్గారు. ఎనిమిదోవాడు బెరిహున్, గురువారం. నలభై దాటినవాడు, మాటలో తేనె కారుతుంది. వాడి కొడుక్కి బాప్తిస్మం నాడు ఒడిలో పట్టుకున్న జ్ఞానతండ్రి దెజెనేనే. గురువారం పొద్దున్న వాడూ నెగ్గి, కొత్త చీటీ అంటించుకుని స్టాండుకొచ్చాడు. దెజెనే లేచి నిలబడ్డాడు.

“ఇంజను కాలిపోతోంది గాషే, చేయి పెట్టలేం” అన్నాడు బెరిహున్. “సాయంత్రం ఎలాగూ సివాకి మా ఇంటికే వస్తారు. అక్కడ మీ చేతిలో పెట్టేస్తా.”

ఆ రోజు ఇరవై ఒకటి. వంతు వాడింటిది. కాఫీ కాచడానికి నన్నూ పిలిచారు కాబట్టి అంతా నా కళ్ళతో చూశాను. వాడి కారు కిటికీ అవతలే, దెజెనే కూర్చున్న చోటికి పదడుగుల దూరంలో ఉంది. కోడికూర పళ్ళెం మధ్యలో పెట్టారు. బెరిహున్ ఇంజెరా రొట్టె చుట్టి, కోడిగుడ్డు పెట్టి, ఇంత పెద్ద ముద్ద చేశాడు.

“నోరు తెరవండి గాషే! మీరు లేకపోతే మా బండ్లేవి?”

అందరూ చప్పట్లు కొట్టారు. ఒకటి, రెండు, మూడు ముద్దలు వాడే నోట్లో పెట్టాడు. మీసాల మీద కూర కారుతుంటే ముసలాయన నవ్వుతూ నమిలాడు. నమిలేటప్పుడు ఒక్కసారి కిటికీ వైపు చూశాడు. సివా నాడు ఇంటివాడు ఇచ్చింది పుచ్చుకోవాలి తప్ప నాకిది కావాలని అడగకూడదు. తాతల నాటి కట్టు అది. తన సొంత వస్తువైనా సరే అడిగితే తల తెగినంత అవమానం, ఆ ఇంటికీ, అడిగినవాడికీ. ఆ సంగతి బెరిహున్‌కి తెలుసు. అక్కడున్న ఏడుగురికీ తెలుసు. ఒక్కడూ “వీడి దగ్గర మీది ఉంది కదా” అనలేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో బెరిహున్ ఆయన భుజం మీద చేయి వేశాడు. “పొద్దున్నే షిఫెరాతో విప్పించి మీ గుమ్మంలోకి పంపిస్తా. మీరు లేచేలోగా ఉంటుంది.”

వాకిట్లో దెజెనే ఆ కారు ముందు ఆగి, బానెట్ మీద అరచేయి ఆనించాడు. ఎప్పుడో చల్లారిపోయింది.

“అడగండి” అన్నాను గొంతు తగ్గించి.

“మరియమ్మ రోజు. ఇప్పుడు కాదు” అన్నాడు.

ఇక నా వంతు పాపం చెప్పుకోవాలి. శుక్రవారం తెల్లవారగానే బెరిహున్ నా దుకాణం ముందు కారు ఆపాడు. లోపల తెల్లబట్టలు కట్టుకున్న యాత్రికులు నలుగురు. ఆదివారం తెక్లె హైమానోత్ అనే సాధువు పండగ, డెబ్రె లిబానోస్ మఠానికి వెళుతున్నారు.

“గాషేది ఇచ్చావా?” అన్నాను.

“నా పాతది షిఫెరా దగ్గర పెట్టానక్కా. ఆయన చేయి పడితే అదీ నెగ్గుతుంది. ఆయనకేం, అంత ముక్కుంది!” అని నవ్వాడు. “దూరం బేరం, దారంతా కొండలు. ఆ డొక్కుదాంతో ఎలా ఎక్కను? ఆదివారం ఇచ్చేస్తాగా.”

“ఈ రోజే ఆఖరు కదరా!”

“ఆయన చూసుకుంటాడక్కా. నీకేమైనా తేవాలా?”

దెజెనే ఇల్లు రెండు సందుల అవతల. ఆ కారు ముందు అడ్డంగా నిలబడి ఒక్క కేక పెడితే చాలు, ముసలాయన పరుగెత్తుకొచ్చేవాడు. కానీ పెనం మీద గింజలు మాడుతున్నాయి, బల్ల మీద పదకొండుమంది కూర్చున్నారు. నా మోకాలు నెల రోజులుగా చంపేస్తోంది. నా నోటినుంచి ఏమొచ్చిందో తెలుసా? “ఓ సీసా పవిత్ర జలం పట్టుకురా” అన్నాను.

మధ్యాహ్నానికి మనసు ఊరుకోక షిఫెరా కొట్టుకి వెళ్ళాను. వాన కురుస్తోంది. దెజెనే బురదలో మోకాళ్ళ మీద ఉన్నాడు, ముక్కు గొట్టానికి ఆనించి. బెరిహున్ పాతదాన్ని ఎనిమిదిసార్లు విప్పాడట. సూది విరిగిపోయింది.

“ఇంకా పచ్చిగానే ఉంది” అన్నాడు నన్ను చూసి. “పద, చూద్దాం.”

నేనూ ఎక్కాను. పరీక్ష చేసే ఆఫీసరు ముప్పై ఏళ్ళు లేనివాడు, ఇస్త్రీ చొక్కా. పైపు దూర్చాడు. అంకె చూసి పెదవి విరిచాడు. దెజెనే బతిమాలితే ఇంకోసారి చూశాడు, అంకె పెరిగింది.

“తాతా, బండి పక్కకి తియ్యి. రేకు తీసెయ్యాలి.”

“ఈ కార్బురేటర్ నాది కాదు బాబూ” అనేశాడు దెజెనే. “నాది ఇంకో బండిలో ఉంది. ఆదివారం వస్తుంది.”

ఆఫీసరు కలం ఆపాడు. “ఇంకో బండిలోనా? అది ఎందుకెళ్ళింది? అంటే మేమిన్నాళ్ళూ ఒకే కార్బురేటర్‌ని పరీక్ష చేస్తున్నామా?” దగ్గరికొచ్చి కూర్చున్నాడు. మాట మెత్తబడింది. “ఏయే బండ్లలో తిరిగిందో చెప్పు తాతా. నంబర్లు చెబితే చాలు. నీకు సోమవారం దాకా గడువు నేను రాసిస్తా.”

చెప్పండి, చెప్పండి అని ఆయన మోచెయ్యి గిల్లాను. ఎనిమిది నంబర్లు. అవి ఆయనకు కంఠతా వచ్చు. ముసలాయన యంత్రం వైపు చూశాడు.

“పొరపాటున అన్నాను బాబూ” అన్నాడు చివరికి. “వయసైపోయింది. ఇది నాదే.”

ఆఫీసరు మొహం మళ్ళీ బిగుసుకుంది. పనిముట్టు తెచ్చి రేకు విప్పబోయాడు. బోల్టులు తుప్పు పట్టి తిరగలేదు. రెండుసార్లు జారి చేయి గీరుకుంది. “నీ స్పానర్ ఇవ్వు. కాదు, నువ్వే విప్పు, నీకు అలవాటేగా” అన్నాడు. దెజెనే డిక్కీ తెరిచి, స్పానర్ తీసి, ముందుదీ వెనకదీ తనే విప్పాడు. రెండు రేకుల మీదా బురద ఉంది. కోటు చేతితో తుడిచి మరీ అందించాడు.

ఆదివారం సాయంత్రం బెరిహున్ వచ్చాడు. రేకు లేక బోసిపోయిన ఆ కారు చూసి మొహం చాటేస్తాడనుకున్నాను. లేదు, పైపెచ్చు దెబ్బలాడాడు.

“అదేంటి గాషే! గురువారమే అడిగుంటే ఇచ్చేవాణ్ణిగా. నోరెందుకు తెరవలేదు?”

దెజెనే తల వంచుకున్నాడు, తప్పు తనదే అయినట్టు. కార్బురేటర్ వాపసు ఇవ్వలేదు. “మీకిప్పుడు దేనికి?” అన్నాడు వాడు. అదీ నిజమే కదా. నాకు సీసా మాత్రం మరిచిపోకుండా తెచ్చాడు. పారబోయాలనుకున్నాను. పారబోయలేదు, మోకాలికి రాసుకున్నాను. నొప్పి తగ్గింది కూడా. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఈ ఏడు మళ్ళీ పరీక్షల రోజులొచ్చాయి. కార్బురేటర్ పొగ కక్కడం మొదలెట్టింది. చేతులు మారి మారి బెజ్జం పాడైందట. షిఫెరా వల్ల కాలేదు. ఎనిమిదిమందీ కలిసి నా బల్ల దగ్గరికి, దెజెనే దగ్గరికి వచ్చారు.

“మీ ముక్కే దిక్కు గాషే” అన్నాడు బెరిహున్.

“తన్ని తగలెయ్యండి వీళ్ళని!” అని అరిచాను. ఆయన అప్పటికే సూది అడుగుతున్నాడు. మూడు రోజులు బెరిహున్ బండి వెనక మోకరిల్లాడు. మూడో రోజు లేవలేకపోతే నేను చంకల్లో చేతులు వేసి లేపాను. “ఇప్పుడు బాగుంది” అన్నాడు.

ఎనిమిదికి ఎనిమిదీ నెగ్గాయి. ఆ వారం దెజెనే ఎంటోటో మరియమ్మ గుడికి వెళతానన్నాడు. కొండ నడిచి ఎక్కే ఊపిరి ఆయనకిక లేదు. స్టాండులో ముందున్నది బెరిహున్ కారే. వెనక సీట్లో మూలకి కూర్చున్నాడు. సీట్లు నిండితేగానీ బండి కదలదు, పావుగంటైనా ఇంకెవరూ రాలేదు. తర్వాత నలుగురు ఆడవాళ్ళు ఒకేసారి వచ్చారు.

బెరిహున్ కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. “గాషే, వీళ్ళు నలుగురూ కలిసి వెళ్ళాలంటున్నారు. మీరు ఒక్కరేగా. కాస్త దిగి, తర్వాతి బండిలో రాకూడదూ?”

దిగాడు. ఆడవాళ్ళు ఎక్కేదాకా తలుపు పట్టుకున్నాడు. లాడా తలుపు కాస్త పైకెత్తి వేస్తేగానీ పడదు, అది వాళ్ళకు తెలియదు కదా. తనే ఎత్తి వేశాడు. కారు కొండ మలుపు తిరిగేదాకా రోడ్డు మధ్య నిలబడి చూశాడు. వెనక బండి హారన్ కొడితే పక్కకొచ్చాడు.

“చూశావా ఎటాగెన్” అన్నాడు, దగ్గు తెర ఆగాక. “చుక్క పొగ లేదు.”